నమూనా రోగికి వన్స్ మోర్

కొల్లిమర్ల పెద్దాసుపత్రికి వచ్చిన బొమ్మ బతికి ఉంటే భూషణానికి ఉద్యోగం వచ్చేది కాదు.

అది మామూలు బొమ్మ కాదు. ఎక్కడో దేశంకాని దేశంలో తయారై ఓడెక్కి వచ్చింది. ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. చెయ్యి పట్టుకుంటే నాడి కొట్టుకుంటుంది. ఒక మీట నొక్కితే గుండెపోటు తెచ్చుకుంటుంది, ఇంకో మీట నొక్కితే తగ్గించుకుంటుంది. కొత్త డాక్టర్లూ నర్సులూ తమ తొలి తప్పులు బతికున్న మనుషుల మీద చేయకుండా ముందు దీని మీద చేసి నేర్చుకుంటారని పైవాళ్ల ఆలోచన. ఆలోచన మంచిదే. మంచి ఆలోచనకు మన ఆఫీసుల్లో ఏ గతి పడుతుందో దీనికీ అదే పట్టింది.

సూపరింటెండెంట్ డాక్టర్ త్రివిక్రమరావు గారు ప్రారంభోత్సవం పద్ధతిగా జరగాలన్నారు. బొమ్మకు బొట్టు పెట్టారు, మెడలో బంతిపూల దండ వేశారు, కొత్త స్కూటరు కొన్నప్పుడు చేసినట్టే దిష్టి తీశారు. ఆ తర్వాత సూపరింటెండెంటు గారే స్వయంగా మంచం కోడుకేసి కొబ్బరికాయ కొట్టారు. కాయలో నీళ్లు దండిగా ఉన్నాయి. అవన్నీ ఎగిరి బొమ్మ గుండెల్లోకి పోయాయి. బొమ్మ ఒకసారి దగ్గింది, కళ్లు తేలేసింది, ముక్కులోంచి సన్నగా పొగ వదిలింది. హాలు నిండా డాక్టర్లు ఉండి కూడా దాన్ని కాపాడలేకపోయారు.

పోయిందని రాయడానికి వీల్లేదు. ప్రభుత్వ ఆస్తి పోతే విచారణ వస్తుంది, విచారణ వస్తే కొబ్బరికాయ కొట్టిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అందుకని బొమ్మను ఏసీ గదిలో మంచం మీద పడుకోబెట్టి, మెడదాకా దుప్పటి కప్పారు. రోజూ పొద్దున ఒక డాక్టరు వెళ్లి, దాని ముఖం చూసి, 'పరిస్థితి నిలకడగా ఉంది' అని రాసి వస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇక శిక్షణ ఆగకూడదు గనుక, బొమ్మ కోలుకునేదాకా దాని స్థానంలో మనిషిని పెట్టుకోవచ్చని పైనుంచి అనుమతి తెచ్చారు. ఆ మనిషికి జబ్బు ఉండకూడదు, ఉన్నట్టు కనిపించాలి. ఉద్యోగం పేరు 'నమూనా రోగి'.

కొల్లిమర్లలో అలాంటి మనిషి కావాలంటే భూషణం తప్ప ఇంకెవరున్నారు? ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పద్యనాటకం ఆడితే ఆయన ఉండాల్సిందే. రాజు వేషం వేసినా, ముని వేషం వేసినా, ఆయన చావు చూడ్డానికే జనం చాపలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ రోజుల్లో పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని కేకలు పడేవి. కేక పడ్డాక మళ్లీ పాడాల్సిందే, పాత్ర అప్పటికే చచ్చి పడి ఉన్నా సరే. భూషణం లేచి, కిరీటం సర్దుకుని, హార్మోనియం అతనికి సైగ చేసి, అదే పద్యం ఇంకో మెట్టు పైన పాడి, మళ్లీ చచ్చేవాడు. ఒక్క వన్స్ మోర్‌నీ కాదన్నవాడు కాడు. అది ఆయన గొప్ప.

ఆయన భార్య కోటేశ్వరమ్మకు మాత్రం ఆ గొప్ప మింగుడుపడలేదు. పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్క నాటకానికి వెళ్లింది. స్టేజీ మీద మొగుడు చచ్చిపోతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వన్స్ మోర్ అనగానే ఆయన లేచి నిలబడేసరికి ఆవిడకు ఒళ్లు మండింది. "ఏడిపించి మళ్లీ లేవడమేందండీ? ఏడ్చినోళ్లకి మర్యాద వద్దా?" అని లేచి ఇంటికి వచ్చేసింది. మళ్లీ నాటకం వైపు తొంగి చూడలేదు. నాటకాలు తగ్గిపోయి భూషణం అరుగు మీద కూర్చున్నాక, ఆవిడే పచ్చళ్లు పట్టి అమ్మి ఇల్లు నెట్టుకొచ్చింది.

మొదటి రోజు గుండెపోటు. నర్సింగు విద్యార్థులు గోడవారన నిలబడ్డారు. వాళ్లకు నేర్పే స్టాఫ్ నర్సు ఎస్తేరు, మనిషి సన్నం, గొంతు పెద్దది, స్టెతస్కోపు పట్టుకుని సిద్ధంగా ఉంది. భూషణం నింపాదిగా వచ్చాడు. ఎడమచెయ్యి గుండె మీద వేసుకుని, కుడిచెయ్యి గాలిలోకి చాపి, "అమ్మా..." అని ఎత్తుకున్నాడు. ఆ 'అమ్మా' మంద్రంలో మొదలై పైస్థాయికి వెళ్లి, అక్కడ కాస్త విహరించి, మెట్టుమెట్టుగా దిగి వచ్చింది. ఆయన కూడా దానితోపాటే నేలకు దిగాడు. ఎస్తేరు స్టెతస్కోపు పెట్టడం మరచిపోయి కళ్లు ఒత్తుకుంది. గోడవారనుంచి ఎవరో ఆకతాయి, తాత దగ్గర విన్నాడో ఏమో, "వన్స్ మోర్!" అన్నాడు.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది? భూషణం లేచాడు, చొక్కా దులుపుకున్నాడు, మళ్లీ గుండెపోటు తెచ్చుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న త్రివిక్రమరావు గారి ముఖం వెలిగిపోయింది. "గమనించారా? దీన్నే పునరావృత సామర్థ్యం అంటారు. వాస్తవ రోగులలో ఈ గుణం బొత్తిగా లోపించింది. ఒకసారి చనిపోయినవాడు రెండోసారి మనకు సహకరించడు" అన్నారు.

ఆ మాట ఆయనకే బాగా నచ్చి పైకి రాసి పంపారు. పైవాళ్లకు ఇంకా నచ్చింది. నెల తిరక్కుండా ఉత్తర్వు దిగింది. సిబ్బందిలో ఎవరైనా సరే, ఒక వ్యాధిని అదే వారంలో నమూనా రోగి మీద విజయవంతంగా నయం చేసి ఉంటే తప్ప, అదే వ్యాధి గల వాస్తవ రోగిని తాకరాదు. దానికి తోడు వారానికో వ్యాధి చొప్పున పట్టిక వేశారు. ఒక వారం గుండె, ఒక వారం మూత్రపిండం, ఒక వారం విరిగిన ఎముకలు. జనం కూడా ఆ వారానికి తగిన జబ్బుతో వస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ కొల్లిమర్ల జనానికి క్రమశిక్షణ తక్కువ, ఎముకల వారంలో విరేచనాలతో వచ్చేవాళ్లు.

శిక్షణలో వాస్తవికత ఉట్టిపడాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. దాంతో మంచి మంచాలు, ఏసీలు, సెలైన్లు, మందులు అన్నీ నమూనా వార్డుకు చేరాయి. మందులున్న చోట జబ్బు లేదు, జబ్బున్న చోట మందులు లేవు. సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డు మీద 'వాస్తవ రోగులు' అని బోర్డు పెట్టి బాణం గుర్తు వేశారు. నమూనా వార్డు గుమ్మం దగ్గర మాత్రం 'వాస్తవ రోగులు ఇక్కడ గుమికూడరాదు' అని రాశారు.

భూషణానికి ఇవేమీ పట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పదిమంది ముందు చస్తున్నాడు, చప్పట్లు పడుతున్నాయి. రోగికి బలం కావాలని రోజూ కోడిగుడ్డు, పాలు, బ్రెడ్డు ఇస్తున్నారు. ఒంట్లోకి ఇంత గ్లూకోజు పోతోంది. బుగ్గలు వచ్చాయి. సాయంత్రం ఇంటికి వెళ్లి, "ఇయ్యాల పక్షవాతం వేశానే కోటీ, సూపరింటెండెంటు గారు కూర్చున్న కుర్చీలోంచి లేచారు" అని చెప్పుకునేవాడు.

కోటేశ్వరమ్మ వింటూ వంట చేసుకునేది. ఆ మధ్య ఒకటి రెండుసార్లు, బియ్యం కడుగుతూ ఆగి, పొయ్యి గట్టు అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. మాట లేదు, మూలుగు లేదు. కాసేపటికి కళ్లు తెరిచి మిగతా బియ్యం కడుక్కుంది. భూషణం చూశాడు. చూసి, గట్టు పట్టుకున్న తీరు బాగుందే, ఎప్పుడైనా పనికొస్తుందని మనసులో దాచుకున్నాడు. నటుడి బుద్ధి అంతే, పెళ్లాం బాధ కూడా ముందు కంటికి వేషంలాగే ఆనుతుంది.

మూడోసారి ఆవిడ గట్టు పట్టుకున్నది జారిపోయి కింద కూర్చుండిపోయింది. అప్పుడు పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

సర్జను సువర్చల గారు స్కాను చూసి పెదవి కొరుక్కుంది. చిన్న వయసే అయినా మంచి హస్తవాసి అని పేరున్న మనిషి. "పిత్తాశయం నిండా రాళ్లున్నాయి భూషణం గారూ. బాగా వాచింది. వెంటనే తీసెయ్యాలి. పగిలిందంటే ప్రాణం మీదికొస్తుంది."

"తీసెయ్యండమ్మా, చేతులెత్తి మొక్కుతాను."

"ఎట్లా తియ్యను? ఈ వారం పాముకాటు."

భూషణానికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఉత్తర్వు అంటే ఇదన్నమాట. ఇన్నాళ్లూ అది ఆయనకు చప్పట్లు తెచ్చిపెట్టిన కాగితం. ఇప్పుడు అదే ఆయన భార్యకూ డాక్టరు చేతికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"పోనీ నేనే ఇప్పుడు ఆ పిత్తాశయం నొప్పి వేసి చూపిస్తానమ్మా. మీరు నా మీద నయం చేసెయ్యండి, ఆ తర్వాత మా ఆవిడకు చెయ్యండి" అన్నాడు.

దానికి సూపరింటెండెంటు గారి అనుమతి కావాలందావిడ. వెళ్లి అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. "పట్టిక ప్రకారం పిత్తాశయం వర్షాలు పడ్డాక వస్తుంది. ముందుకు జరపడం మన పరిధిలో లేదు. మీ శ్రీమతి గారి పేరు వాస్తవ రోగుల వరుసలో నమోదు చేయిస్తాను. సకాలంలో కబురు పంపుతాం. ఈలోగా ఆవిడను ధైర్యంగా ఉండమనండి. ధైర్యానికి పట్టిక లేదు."

ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కే స్తోమత ఆ ఇంటికి లేదు. భూషణం షెడ్డు కింద భార్య పక్కన కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు చప్పట్లంటే అసహ్యం వేసింది. కోటేశ్వరమ్మ రేకుల కింద చెమటలు కక్కుతూ, "నాకేం కాదులెండి, మీరు పనికి పోండి, ఆ గుడ్డు చల్లారిపోద్ది" అంది.

అటుగా వచ్చిన ఎస్తేరు ఆవిడ ముఖం చూసి ఆగింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "బాబాయ్ గారూ, ఎల్లుండి పెద్ద కమిటీ వస్తంది. వాళ్లకి పొట్ట ఆపరేషను సన్నివేశం చూపించాలంట. పట్టికతో పన్లేదు, కమిటీ అడిగితే ఏదైనా చెయ్యొచ్చు. అన్నీ నిజమైన సామాన్లే, మత్తు డాక్టరుతో సహా. కాకపోతే కత్తి పెట్టే ముందు విజిలేసి ఆపేస్తారు" అంది.

"అయితే?"

"పిన్నిని రోగిగా తెస్తే నేను ముట్టుకోలేను. నమూనా రోగిగా తెస్తే ముట్టుకోకపోతే నా ఉద్యోగం పోద్ది."

ఎస్తేరు ఈ సంగతి చెప్పగానే సువర్చల గారు గది తలుపు దగ్గరికి వేసింది. "విజిల్ వేసి, చప్పట్లు కొట్టి, వాళ్లు భోజనానికి లేస్తారు. లేవగానే తలుపు వేసుకుని పని కానిచ్చేద్దాం. అప్పటిదాకా ఈవిడ నమూనా రోగిలా కనిపించాలి. కమిటీ రోగి నటనకూ మార్కులు వేస్తుంది. మార్కుల్లో తప్పితే బల్ల మీద నుంచి దించేస్తారు, జాగ్రత్త" అంది.

ఆ విధంగా కోటేశ్వరమ్మ, తనకు నిజంగా ఉన్న జబ్బు ఉన్నట్టు నటించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. ఇంట్లో భూషణం రిహార్సలు మొదలుపెట్టాడు.

"నొప్పి వచ్చిందనుకో. ముందు కళ్లు పెద్దవి చెయ్యి. ఆ తర్వాత 'అయ్యో' అను. 'అయ్యో'లో 'య్యో' దగ్గర గొంతు వణకాలి."

"అరిస్తే తగ్గుద్దా?"

"తగ్గదు. మార్కులు పడతయ్."

"నాకు నొప్పుంటే ఉందంటా, లేకపోతే లేదంటా. ఆ వణికించడాలు నా వల్ల కాదండీ."

"ఒక్కసారి కోటీ, నా కోసం."

ఆవిడ మొగుడి ముఖం చూసి జాలిపడి, "అయ్యో" అంది. కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు అనే 'అయ్యో' అది. భూషణం తల పట్టుకున్నాడు. నలభై రకాల చావులు చచ్చినవాడికి, భార్యకు ఒక్క నొప్పి నేర్పడం చేతకాలేదు. ఆ రెండు రోజులూ నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ గట్టు అంచే పట్టుకుంది, గొంతు మాత్రం ఎత్తలేదు.

కమిటీ దిగింది. అనుకరణ శిక్షణ నాణ్యతా పర్యవేక్షక సంఘం అధ్యక్షులు డాక్టర్ చక్రధరబాబు గారు మెడలో వెండి విజిల్ వేసుకుని ముందు నడిచారు. వెనక ఇద్దరు సభ్యులు మార్కులు వేసుకునే అట్టలతో వచ్చారు. రోగిని ముట్టుకుని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదుగానీ, రోగి ఎలా ఉండాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ముందు ఏసీ గదిలోకి వెళ్లి బొమ్మను పలకరించారు. ఇన్ని నెలలుగా పరిస్థితి నిలకడగా ఉండడం చూసి, "ఇది సామాన్యమైన సంరక్షణ కాదు" అని త్రివిక్రమరావు గారి భుజం తట్టారు.

ఆపరేషను గదిలో బల్ల మీద కోటేశ్వరమ్మ పడుకుని ఉంది. రాత్రి నుంచి జ్వరం. సువర్చల గారు పొద్దునే పొట్ట నొక్కి చూసి, ఇక గంటల్లో పగిలేట్టు ఉందని భూషణం చెవిలో చెప్పింది. కమిటీ కోసం గోడవారన మూడు కుర్చీలు వేశారు. కుర్చీలకూ బల్లకూ మధ్య పైన తీగకు ఆకుపచ్చ పరదా ఒక పక్కకు జరిపి ఉంది.

చక్రధరబాబు గారు బల్ల దగ్గరికి వచ్చారు. "అమ్మా, మీకు నొప్పి ఉన్నదా?"

"ఉందండి."

"ఏ మేరకు ఉన్నది?"

"ఉన్నంత ఉందండి."

"ముఖంలో కనిపించడం లేదే!"

"ముఖంలో కాదండీ, పొట్టలో."

సభ్యులు అట్టల మీద ఏదో గీశారు. గోడకు ఆనుకుని నిలబడిన భూషణం కళ్లు పెద్దవి చేసి, గొంతు పట్టుకుని సైగలు చేశాడు. కోటేశ్వరమ్మ చూసి, గుర్తు తెచ్చుకుని, "అయ్యో" అంది.

చక్రధరబాబు గారు వెనక్కి తిరిగారు. "క్షమించాలి సూపరింటెండెంట్ గారూ. ఈమె రోగి అంటే నమ్మశక్యంగా లేదు. హావభావ ప్రకటన శూన్యం. సంభాషణలో ఆర్ద్రత లేదు. వ్యాధి మీద ఈమెకు కనీస అవగాహన ఉన్నట్టు తోచదు. ఈమెను దించి అనుభవజ్ఞుణ్ణి పడుకోబెట్టండి. మీ భూషణం గారి పేరు రాజధానిలో కూడా విన్నాం."

"తక్షణమే" అన్నారు త్రివిక్రమరావు గారు.

ఎస్తేరు చెయ్యి కోటేశ్వరమ్మ భుజం మీదే ఆగిపోయింది. సువర్చల గారు నోరు తెరవబోయింది. తెరిస్తే ఏమవుతుందో భూషణానికి తెలుసు. ఈవిడ నిజం రోగి అని చెప్పారా, షెడ్డుకు పంపుతారు. చెప్పకపోతే బల్ల మీద నుంచి దించుతారు. రెండు దారులూ సైకిల్ స్టాండుకే పోతున్నాయి. ఆయనకు గుండె నిజంగానే దడదడలాడింది, ఇన్నాళ్లు వేసిన గుండెపోట్లలో ఎప్పుడూ అలా కొట్టుకోలేదు.

అప్పుడు ఆయన కళ్లు పరదా మీద పడ్డాయి.

నాటకంలో జనం మాటే మాట. రాజు, మంత్రి, నాటకం ఆడించే కాంట్రాక్టరు, ఎవరైనా సరే జనం కేకకు లొంగాల్సిందే. జనం కూడా లొంగేది ఒక్కదానికే, తెరకు. తెర పడ్డాక వెనక ఏం జరుగుతోందని ఎవరూ అడగరు. వెనక కోట తీసి అడవి నిలబెడుతున్నంత సేపు, తెర ముందు ఎవడో ఒకడు నిలబడి జనాన్ని పట్టి ఉంచితే చాలు. ఆ పని భూషణం కుర్రతనంలో ఎన్నో ఊళ్లలో చేశాడు.

"అయ్యా, చిన్న మనవి" అని చేతులు జోడించి ముందుకు వచ్చాడు. "పాత్ర మారేటప్పుడు ప్రేక్షకులు చూడకూడదండి. రసభంగం. తెర వేసి మారుస్తాం. తమరు కుర్చీల్లో కూర్చోండి."

చక్రధరబాబు గారికి 'రసభంగం' అన్న మాట నచ్చింది. "సముచితం" అని కూర్చున్నారు.

భూషణం తీగ మీద పరదా బర్రున లాగాడు. లాగుతూ తల లోపలికి పెట్టి, "అమ్మా, కానివ్వండి. నేను ముందు ఉంటా" అన్నాడు. సువర్చల గారు ఒక్క క్షణం ఆయన్ని చూసి, మత్తు డాక్టరు వైపు తలూపింది. కోటేశ్వరమ్మ, "ఏవండీ..." అని ఏదో అడగబోయింది. వినడానికి టైము లేదు. ఆయన తెర ముందుకు వచ్చేశాడు.

"రంగం సిద్ధమయ్యేలోగా, సభవారి ప్రీత్యర్థం గుండెపోటు" అని ప్రకటించి, "అమ్మా..." అని ఎత్తుకున్నాడు.

అంత బాగా ఆయన ఎప్పుడూ చావలేదు. సభ్యులిద్దరూ అట్టలు ఒళ్లో పెట్టుకుని చప్పట్లు కొట్టారు. చక్రధరబాబు గారు విజిల్ వేసి, "మరొక్కసారి! నాడి పడిపోయే ఘట్టం ఇంకొంచెం నెమ్మదిగా" అన్నారు. భూషణం లేచాడు, చచ్చాడు. తర్వాత పక్షవాతం వేశాడు, ఎడమ వైపు ఒకసారి, కోరితే కుడి వైపు ఒకసారి. పాముకాటుకు నురగ కక్కాడు. ఉబ్బసానికి ఎగశ్వాస తీశాడు. ధనుర్వాతానికి విల్లులా వంగితే నడుం కలుక్కుమంది, ఆ కలుక్కు కూడా సన్నివేశంలో కలిపేశాడు. తెర వెనక నుంచి కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు, ఎస్తేరు మెల్లగా ఏదో అందిస్తున్న చప్పుడు వినిపించేవి. వినిపించిన ప్రతిసారీ ఈయన గొంతు ఒక స్థాయి పెంచాడు.

"పాత్ర మార్పిడికి ఇంత సేపా?" అన్నారొక సభ్యుడు ఒకసారి.

త్రివిక్రమరావు గారి నుదుట చెమట పట్టింది. తెర వెనక ఏం జరుగుతోందో అప్పటికి ఆయనకు సగం తెలిసింది, మిగతా సగం తెలుసుకోకపోవడమే తనకు క్షేమమని కూడా తెలిసింది. "ఉన్నత స్థాయి వాస్తవికతకు కొంత వ్యవధి అనివార్యం" అన్నారు.

భూషణానికి గొంతు ఎండిపోయింది. తెలిసిన జబ్బులన్నీ అయిపోయాయి. లోపల నుంచి ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేకపోవడం మంచిదో చెడ్డదో తెలియదు. తెర పక్కకు తీసి చూద్దామా అని చెయ్యి లేచింది. తీస్తే అంతా పోతుంది. చెయ్యి దించుకున్నాడు.

"చివరగా?" అన్నారు చక్రధరబాబు గారు, విజిల్ చేత్తో తిప్పుతూ.

చివరగా మిగిలింది ఒక్కటే. భూషణం పక్కనున్న మందుల బల్ల దగ్గరికి నడిచాడు. బియ్యం కడుగుతున్నట్టు చేతులు కదిపాడు. మధ్యలో ఆగి, బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మాట లేదు, మూలుగు లేదు. అలా నిలబడ్డాడు. అలా నిలబడితేగానీ తెలియలేదు, ఆ అంచు పట్టుకున్న మనిషి ఎంత దిగమింగుకుందో. పట్టు బాగుందనుకుని చూస్తూ కూర్చున్నాడు తను. కన్నీళ్లు వాటంతటవే కారాయి. స్టేజీ మీద గ్లిజరిను లేకుండా ఆయన ఏడవడం అదే మొదలు.

సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. చక్రధరబాబు గారు నిట్టూర్చారు. "ఇందులో నటన లేదు భూషణం గారూ. అలిసిపోయినట్టున్నారు. దీనికి సున్నా వేయక తప్పదు."

అప్పుడే తెర సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఎస్తేరుది. అందులో చిన్న స్టీలు గిన్నె, గిన్నెలో శనగగింజలంత రాళ్లు. తెర వెనక నుంచి ఆ పెద్ద గొంతు, "బాబాయ్ గారూ, అయిపోయింది. బాగుంది" అంది.

భూషణం అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆ కూర్చోవడానికి ఎవరూ మార్కులు వేయలేదు.

చక్రధరబాబు గారు లేచి వచ్చి గిన్నెలోకి చూశారు. ఒక రాయిని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకు పట్టారు. "ఇవేమిటి?"

"రాళ్లండి. పిత్తాశయంలోవి" అంది ఎస్తేరు.

ఆయన రాయిని అటూ ఇటూ తిప్పారు. "రంగు కృత్రిమంగా ఉన్నది. ఆకారం కూడా నమ్మేట్టు లేదు. సామగ్రి విషయంలో మీరు ఇంకా శ్రద్ధ తీసుకోవాలి" అని గిన్నెలో పడేసి భోజనానికి వెళ్లారు.

రాళ్ల దగ్గర కొన్ని మార్కులు తగ్గినా కొల్లిమర్ల ఆసుపత్రికే ప్రథమ బహుమతి వచ్చింది. ఇక్కడ మరణించిన ప్రతి రోగీ తిరిగి లేచాడని ప్రశంసాపత్రంలో రాశారు. ప్రాణాపాయ స్థితిలోని బొమ్మను ఇంతకాలం నిలబెట్టినందుకు త్రివిక్రమరావు గారికి విడిగా శాలువా కప్పారు. వాస్తవ రోగుల షెడ్డుకు ఏ మార్కులూ లేవు, దాన్ని వాళ్లు చూడలేదు.

కోటేశ్వరమ్మను ఎక్కడ ఉంచాలన్నది సమస్య అయింది. మార్కుల్లో తప్పింది గనుక నమూనా వార్డుకు పనికిరాదు, ఆపరేషను అయింది గనుక షెడ్డులో పెడితే ప్రశ్నలు వస్తాయి. చివరికి ఏసీ గదిలో బొమ్మ పక్క మంచం ఇచ్చారు. పొద్దున వచ్చే డాక్టరు రెండు ముఖాలూ చూసి, ఇద్దరికీ కలిపి పరిస్థితి నిలకడగా ఉందని రాసిపోయాడు.

సాయంత్రానికి ఆవిడకు బాగా తెలివి వచ్చింది. పక్కన కుర్చీలో భూషణం, గొంతు పూర్తిగా పోయి కూర్చుని ఉన్నాడు.

"ఏవండీ, మత్తెక్కబోయే ముందు మీ గొంతు వినపడింది. చచ్చిపోతన్నారు."

"అవునే" అన్నాడు గుసగుసగా.

"తర్వాత?"

"లేచా."

"మళ్లీనా?"

"మళ్లీ చచ్చా. చాలాసార్లు."

ఆవిడ ముఖం ఆయన వైపు తిప్పింది. "ఎందుకంట?"

"తెర తియ్యకుండా."

కోటేశ్వరమ్మ దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి ఆయన మోకాలి మీద వేసింది. "ఈసారికి పర్లేదులెండి" అంది.

ఆ ఆపరేషను ఏ పట్టికలోనూ లేదు, ఏ వారంలోనూ జరగలేదు. కాబట్టి జరగనట్టే. ఆవిడ పేరు వరుసలో అలాగే ఉండిపోయింది. భూషణం నమూనా ఉద్యోగం మానేసి, పచ్చళ్ల జాడీలు భుజాన వేసుకుని వీధులు తిరగడం మొదలుపెట్టాడు. గొంతు కాస్త వచ్చాక ఆవకాయను కూడా రాగంలోనే అమ్మాడు.

వర్షాలు పడ్డాయి. ఒక ఉదయం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. త్రివిక్రమరావు గారే స్వయంగా మాట్లాడారు. "భూషణం గారూ, శుభవార్త. ఈ వారం పిత్తాశయం. మీ శ్రీమతి గారి వంతు వచ్చింది. సోమవారం ఉదయం ఖాళీ కడుపుతో హాజరుపరచగలరు."

భూషణం ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, వంటింట్లోకి చూసి సంగతి చెప్పాడు.

కోటేశ్వరమ్మ గట్టు దగ్గర నిలబడి బియ్యం కడుగుతోంది. చెయ్యి ఆపకుండానే అంది, "వన్స్ మోర్ లేదని చెప్పండి."